2 లక్షల కిలోమీటర్ల స్విఫ్ట్‌కి ఇంట్లోనే ఆయిల్ మార్చాను: ఈ పంపు కొనొచ్చా?

నమస్తే అండి. ముందే ఒక మాట చెప్పేస్తాను, తర్వాత కామెంట్లలో అడగక్కర్లేదు. ఇంజిన్ ఆయిల్‌ని పైనుంచే లాగేసే ఈ చేతిపంపు నేను కొనలేదు. అమ్మేవాళ్లే ఉచితంగా పంపించారు. డబ్బులేమీ ఇవ్వలేదు. వీడియో పెట్టే ముందు ఒకసారి చూపించమన్నారు, కుదరదన్నాను. అయినా పార్సిల్ వచ్చింది. పేరు మాత్రం చెప్పను, స్టిక్కర్ కూడా ఊడబీకాను. నేను చూసినంతలో ఇదే వస్తువు నాలుగైదు పేర్లతో, ఒకచోట ఎర్ర రంగు, ఒకచోట నల్ల రంగు వేసుకుని దొరుకుతోంది. ఆరు లీటర్ల ట్యాంకు, పైన సైకిల్ పంపులాంటి పిడి, మూడు గొట్టాలు, ధర నాలుగు వేల దగ్గర. మిగతా వివరాలు మీరు ఇప్పటికే ఎక్కడో చూసే ఉంటారు, నేను వాటి జోలికి పోను.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం మా బండి సంగతి. 2012 స్విఫ్ట్ డీజిల్, నాన్న కొన్నది. ఇదిగో మీటరు, 2,14,000 చిల్లర. లోపల ఉన్నది ఫియట్ వాళ్ల 1248 సీసీ మల్టీజెట్. మారుతి, టాటా, షెవర్లే అందరూ ఇదే ఇంజిన్ పెట్టుకోవడంతో దీనికి ‘నేషనల్ ఇంజిన్’ అని పేరు పడిపోయింది. 2020లో బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చాక మారుతి డీజిల్ బళ్లు ఆపేసింది. కాబట్టి షోరూమ్‌కి వెళ్లి మళ్లీ ఇలాంటిది తెచ్చుకుందామంటే లేదు. ఉన్నదాన్నే చూసుకోవాలి.

పంపు చేసే పని సింపుల్. డిప్‌స్టిక్, అదే ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల, బయటికి లాగి, ఆ కన్నంలో గొట్టం దింపుతాం. పిడి కొడితే ట్యాంకులో గాలి తగ్గుతుంది, పాత ఆయిల్ గొట్టం గుండా పైకెక్కి వచ్చేస్తుంది. కూల్‌డ్రింకులో స్ట్రా వేసి పీల్చినట్టే. బండి కింద దూరే పని లేదు, జాకీ లేదు, ఛాంబర్ బోల్టు, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ వదలడానికి ఇప్పే బోల్టు, ముట్టుకునే పని లేదు.

ఆ చివరి మాట కోసమే ఈ పార్సిల్‌కి సరేనన్నాను. ఎందుకో చెబుతాను.

మూడేళ్ల కిందట ఒక చోట సర్వీసుకి ఇచ్చాను. ఏ ఊరో, ఏ షాపో అనవసరం. ఛాంబర్ బోల్టు బిగించేటప్పుడు గట్టిగా ఉంటే మంచిదనుకున్నాడేమో ఆ కుర్రాడు, పొడవాటి పానా వేసి బలమంతా చూపించాడు. మరలు పోయాయి. నాకు తెలియదు. నాలుగు రోజుల తర్వాత పార్కింగ్‌లో నేల మీద రూపాయి బిళ్లంత మరక. వారం తిరిగేసరికి చపాతీ అంత. అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు ఫోటో తీసి గ్రూపులో పెట్టారు, కింద మా ఫ్లాట్ నంబరు కూడా రాశారు. ఆ టెన్షన్ నాకు తెలుసు. చివరికి విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రీ కొత్తగా మరలు తిప్పి ఓవర్‌సైజ్ బోల్టు వేశారు. వేస్తూ ఒక మాటన్నారు: “బాబూ, దీన్ని ఊరికే ఇప్పకు. ఇప్పినప్పుడల్లా రాగి వాషర్ కొత్తది వెయ్యి.” పది, ఇరవై రూపాయల వాషర్ అండి అది. మెత్తటి రాగి, బిగించినప్పుడు నలిగి సందు మూస్తుంది. ఒకసారి నలిగినదాన్నే మళ్లీ వేస్తే కారుతుంది. కారుతోందని ఇంకా బిగిస్తారు. బిగిస్తే మరలు పోతాయి. నా కథంతా అక్కడే మొదలైంది.

అప్పటినుంచి బోల్టు ఇప్పకుండా ఆయిల్ తీయాలని నేను చేయని ప్రయోగం లేదు. పాత సబ్‌స్క్రైబర్లకి గుర్తుండే ఉంటుంది, మెడికల్ షాపులో పెద్ద సిరంజి, సెలైన్ గొట్టం కొనుక్కొచ్చి కూర్చున్నాను. షాపతను “ఎవరికి బాలేదండీ?” అని అడిగాడు. బండికి అని చెప్పలేకపోయాను. వేడి ఆయిల్ తగలగానే ఆ గొట్టం ఉడికిన సేమియాలా అయిపోయింది. తర్వాత బ్యాటరీకి తగిలించే చిన్న మోటారు పంపు తెప్పించాను. ఆయిల్ కాస్త చల్లారగానే మూలిగింది, రెండో వాడకానికి కాలిపోయింది. ఆ వీడియో ఇప్పటికీ మన ఛానెల్‌లో ఎక్కువ మంది చూసిందే, అదీ నా అదృష్టం.

అందుకని ఈ చేతిపంపు మీద నాకు పెద్ద ఆశలేమీ లేవు. మొదటిసారి నవంబరులో వాడాను. బండిని బెంజ్ సర్కిల్ దాకా తిప్పి తెచ్చి, పది నిమిషాలు ఆగి మొదలుపెట్టాను. ఆయిల్ వెచ్చగా ఉండాలి, పలచగా ఉంటేనే గొట్టంలో ఎక్కుతుంది. మరీ సలసలలాడుతుంటే ప్లాస్టిక్ ట్యాంకుకి మంచిది కాదు. పిడి పదిహేనుసార్లు కొట్టాను. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత గొట్టంలో నల్లగా పాములా కదిలి వచ్చింది చూడండి... ఆ సంతోషం చెప్పలేను. పక్కన కుర్చీ వేసుకుని టీ తాగుతూ చూశాను. చేతికి మసి లేదు, నేల మీద చుక్క లేదు. సెక్రటరీ గారు వాకింగ్‌కి వెళ్తూ ఆగి, నేల చూసి, నన్ను చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయారు. నా దృష్టిలో ఈ రివ్యూ అక్కడితో అయిపోయింది.

కానీ అక్కడితో ఆపితే మోసం చేసినట్టే. ఎందుకంటే ఆ గొట్టం.

ఇదిగో, దగ్గరగా చూపిస్తున్నాను. ఈ గొట్టాన్ని చుట్ట చుట్టి డబ్బాలో పెట్టి పంపిస్తారు. ఆ వంపు దానికి జన్మలో పోదు. డిప్‌స్టిక్ కన్నంలో దింపితే ఛాంబర్ అడుగుకి పోవాల్సింది పోయి, లోపల కుక్క తోకలా పైకి వంగి కూర్చుంటుంది. పంపు గురగురమంటుంది, గాలి వస్తుంది, మనమేమో ఆయిల్ అయిపోయిందనుకుంటాం. అయిపోలేదు! మొదటిసారి నాకు 2.7 లీటర్లు వచ్చింది. అనుమానమొచ్చి, మేస్త్రీ మాట పక్కన పెట్టి, మీకోసం బోల్టు ఇప్పాను. ఇంకో 380 మిల్లీలీటర్లు కారింది. కొలత గ్లాసు చూడండి. అడుగున చూశారా, మడ్డి. మంచి ఆయిలంతా పైకి వచ్చేసి, ఏది పోవాలో అదే లోపల ఉండిపోయింది. నాలుగు వేల రూపాయల వస్తువు అమ్మేవాళ్లు ఒక నిటారు గొట్టం ఇవ్వలేరా? చుట్ట చుట్టకుండా పంపితే డబ్బా కొంచెం పొడవవుతుంది, అంతే కదా. దీని గురించి వాళ్లకి మెయిల్ కూడా పెట్టాను. “మీ అభిప్రాయానికి ధన్యవాదాలు” అని వచ్చింది.

సరే, మార్గం మనమే చూసుకుందాం. పోయిన నెల, రోళ్లు పగిలే ఎండలో, రెండోసారి మార్చినప్పుడు మూడు పనులు చేశాను. గొట్టాన్ని వేడినీళ్లలో ముంచి, తిన్నటి కర్రకి కట్టి రాత్రంతా వదిలేశాను, చాలావరకు నిటారయింది. కొసని ఏటవాలుగా కోశాను, లేకపోతే అది అడుగుకి అతుక్కుని మూసుకుపోతోంది. డిప్‌స్టిక్ పొడవుని గొట్టం పక్కన పెట్టి కొలిచి టేపు గుర్తు వేశాను. అడుగు తగిలిన చోటు ఆ గుర్తు దాటి ఎంత ఉందో చూస్తే గొట్టం లోపల వంగిందో లేదో తెలిసిపోతుంది. ఈసారి పంపు ఆగాక బోల్టు ఇప్పితే 120 మిల్లీలీటర్లు మాత్రమే మిగిలింది. దానికి నాకు అభ్యంతరం లేదు. కొన్ని ఖరీదైన జర్మన్ బళ్లకి వర్క్‌షాపుల్లో కూడా ఇలా పైనుంచే లాగుతారు.

బాగా తిరిగిన బండికి మాత్రం నా పద్ధతి ఇది: రెండుసార్లు పంపుతో తీస్తే, మూడోసారి బోల్టు ఇప్పాలి. ఆ మడ్డి ఎలా ఉందో కళ్లతో చూడాలి, వేళ్ల మధ్య నలిపి చూడాలి. మెరుపు కనిపిస్తే, ఇసుకలా తగిలితే, లోపల లోహం అరుగుతోందన్నమాట. పంపు ఆ కబురు మనకి చెప్పదు. ఊరికే నల్లగా ఉంటే కంగారు పడకండి. డీజిల్ ఆయిల్ కొత్తది పోసిన కొద్ది రోజులకే మసితో నల్లబడుతుంది, అది దాని పని చేస్తున్నట్టు లెక్క. ఫిల్టరు ఎలాగూ విడిగా మార్చాల్సిందే, పంపుకి దానితో సంబంధం లేదు.

ఇప్పుడు ఇంకో వస్తువు చూపిస్తాను. ఇది ఎవరూ ఉచితంగా పంపలేదు. నాన్న డైరీ. బండి కొన్న రోజు నుంచి ఆయిల్ ఎప్పుడు మార్చారు, మీటరు ఎంత, మధ్యలో ఎంత కలిపారు, అన్నీ రాసి ఉన్నాయి. చేతక్ స్కూటర్‌కి పెట్రోల్లో టూటీ ఆయిల్ కలిపే రోజుల నుంచి ఆయనకి ఆ అలవాటు. లక్షన్నర కిలోమీటర్ల దాకా ‘కలిపింది’ గడిలో అన్నీ సున్నాలే. తర్వాత వంద, రెండు వందల మిల్లీలీటర్లు. ఇప్పుడు ఏడు వేల కిలోమీటర్లలో ముప్పావు లీటరు దాకా తాగుతోంది. మొత్తం పట్టేదే మూడు లీటర్ల పైచిలుకు. కంపెనీ చెప్పిన పదివేలు వచ్చేదాకా బానెట్ ఎత్తకుండా తిరిగామనుకోండి, దాదాపు మూడోవంతు లేకుండా తిరుగుతున్నట్టు! ఈ ఇంజిన్‌లో టైమింగ్ చెయిన్‌ని బిగువుగా పట్టుకునేది కూడా ఆయిల్ ప్రెషరే. ఆయిల్ తగ్గితే చెయిన్ వదులై మోగుతుంది, జారితే వాల్వులూ పిస్టన్లూ కొట్టుకుంటాయి. ఆ బిల్లు ముందు ఇలాంటి పంపులు పది కొనొచ్చు. అందుకే ఆదివారం పొద్దున్నే చల్లటి ఇంజిన్‌కి డిప్‌స్టిక్ చూడటం, ఏడు వేలకే మార్చేయడం. పంపు వచ్చాక నాకు దొరికిన అసలు లాభం అదే. ఇదివరకు ‘వచ్చే వారం ఆటోనగర్ వెళ్దాంలే’ అని రెండు నెలలు నెట్టేవాణ్ని. ఇప్పుడు టీ తాగే టైములో అయిపోతోంది.

ఆయిల్ తాగుతోందనగానే మీరు రాసే సలహా నాకు తెలుసు: చిక్కటి ఆయిల్ పోయండి, 20డబ్ల్యూ-50 పోయండి. వద్దండి. దీనికి కంపెనీ చెప్పింది 5డబ్ల్యూ-30, అంతకంటే పలచటిది. పొద్దున్న స్టార్ట్ చేయగానే పైన వాల్వుల దాకా, చెయిన్ దాకా ఆయిల్ వెంటనే చేరాలి. చిక్కటిది ఆలస్యంగా చేరుతుంది. మోత తగ్గినట్టు అనిపించొచ్చు, లోపల ఏమవుతోందో చెవికి తెలియదు. ఆయిల్ మూత తీసి, పొగ వస్తోందని ‘బ్యాక్ కంప్రెషన్ ఉంది, ఇంజిన్ బోరుకొచ్చింది’ అని తేల్చేసేవాళ్లు ఇంకో రకం. అంటే పిస్టన్ పక్కల నుంచి గాలి కిందికి దిగుతోంది, ఇంజిన్ విప్పాల్సిందే అని. డీజిల్ ఇంజిన్‌కి కొంచెం గాలి ఊదడం మామూలే. ఇంజిన్ నడుస్తుండగా ఆ మూతని కన్నం మీద బోర్లించి పెడితే అక్కడే ఆడుతూ ఉంటే సరే, ఎగిరి పడిపోతుంటే అప్పుడు కంప్రెషన్ టెస్ట్ చేయించండి, గేజితో.

తీసిన ఆయిల్ ఏం చేయాలి? దయచేసి కాలవలో పోయకండి. మా తాతగారి ఊళ్లో దూలాలకి చెదలు పట్టకుండా పూసేవారు, అది వేరే కాలం. 2016 నిబంధనల ప్రకారం ఇది ప్రమాదకర వ్యర్థం, అనుమతి ఉన్న రీసైక్లర్లకే చేరాలి. నేను పాత డబ్బాల్లో పోసి మూత బిగించి, రీసైక్లింగ్‌కి పంపే ఒక పెద్ద వర్క్‌షాపులో ఇచ్చేస్తాను. ట్యాంకు ఆరు లీటర్లు కదా అని రెండుసార్ల ఆయిల్ అందులోనే ఉంచకండి, అడుగు గట్టిపడి తీయడం నరకం. అడక్కండి ఎలా తెలుసని.

కొనాలా? అపార్ట్‌మెంట్‌లో ఉంటూ, బండి కింద దూరే చోటు లేక, సర్వీసు వాయిదా వేసేవాళ్లయితే కళ్లు మూసుకుని తీసుకోండి, గొట్టం మాత్రం కళ్లు తెరిచి సరిచేసుకోండి. ఇంటి ముందు ఖాళీ స్థలం, వాషర్ మార్చే మేస్త్రీ, రెండూ ఉన్నవాళ్లకి ఇది దండగ. నేనైతే వాళ్లు తిరిగి అడిగినా ఇవ్వను. ఇప్పటికి నా బండికి రెండుసార్లు, రెండో అంతస్తు మాస్టారి వ్యాగన్ఆర్‌కి ఒకసారి వాడాం. నిన్న సాయంత్రం సెక్రటరీ గారు ఫోన్ చేశారు. నేను మరక గురించేమో అనుకుని గుండె పట్టుకున్నాను. “ఆ పంపు ఆదివారం ఒకసారి ఇస్తారా?” అన్నారు.