కీర్తన 137లో ఆ చివరి వచనం: ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి

యాంకర్: ఏలూరు నుంచి ఒక అమ్మగారు లైన్‌లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: వందనాలు అయ్యగారూ. బైబిల్లో 137వ కీర్తన గురించండి. బబులోను నదుల దగ్గర ఏడ్వడం, నిరవంజి చెట్లకు సితారాలు తగిలించడం... అంతవరకూ మా కూడికలో చదువుతామండి. చివర్లో పసిపిల్లల్ని బండకేసి కొట్టేవాడు ధన్యుడని ఉంది కదండీ. మా ఆడపడుచు అక్కడ ఆపేయమంటుంది.

అయ్యగారు: వందనాలమ్మా. ఆపొద్దు. ఎప్పుడూ చెప్పేదే, ఒక్క వచనం విడదీసి పట్టుకోవద్దు. క్రీస్తుపూర్వం 586 ప్రాంతంలో బబులోను రాజు నెబుకద్నెజరు సైన్యం యెరూషలేమును తగలబెట్టింది. యూదా రాజు సిద్కియా కళ్లెదుటే కొడుకుల్ని చంపి, తర్వాత ఆయన కళ్లు పీకేశారు. అవన్నీ పడి బబులోనుకు చెరగా వచ్చినవాళ్లని పట్టుకుని, ‘సీయోను పాట, అంటే మీ యెరూషలేము పాట, ఒకటి పాడండి’ అన్నారమ్మా బబులోనువాళ్లు, వినోదానికి!

కాలర్: నిజమేనండి. కానీ పసిపిల్లలేం చేశారండి?

అయ్యగారు: ఏమీ చేయలేదు తల్లీ. ఆ మాటను మెత్తబరిచి చెప్పను. కడుపు మండినవాడి నోట వచ్చిన మాట అది, దేవుడిచ్చిన ఆజ్ఞ కాదు. ఏడో వచనం చూడండి, ‘యెహోవా, జ్ఞాపకం చేసుకో’ అంటున్నాడు. ఎదోమువాళ్లు, అంటే యాకోబు అన్న ఏశావు సంతతి, సొంత అన్నదమ్ములే, ‘పునాదుల దాకా కూల్చండి’ అని అరిచారు. వాళ్ల లెక్క కూడా దేవుడికే అప్పజెప్పాడు.

కాలర్: అసలు సంగతేంటంటేనండీ... మా స్థలం మా మరిదే రాయించేసుకున్నాడు. ఊరు వదిలి వచ్చేశాం. రాత్రిళ్లు నేనూ అలాగే ప్రార్థన చేస్తున్నానండి. పసిపిల్లల సంగతి అందుకే అడిగాను. పాపమాండి?

అయ్యగారు: దేవుని దగ్గర ఏడవండమ్మా, కోపమంతా చెప్పుకోండి. పగ తీర్చడం నా పని అన్నాడాయన. కోర్టుకు వెళ్లొద్దని కాదు సుమా! చెరలో ఉన్న ఆ జనానికే యిర్మీయా ప్రవక్త ఉత్తరం రాశాడు, ‘మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి’ అని. మీ మరిది పిల్లల పేర్లు ప్రార్థనలో వస్తే మాత్రం మేలు కోరండి.

కాలర్: చిన్నది మా చేతుల్లోనే పెరిగిందండి...

యాంకర్: థాంక్యూ అమ్మా. ఖమ్మం నుంచి, చెప్పండి.

కాలర్: మరి బబులోనుకు ఆ శిక్ష పడిందా అయ్యగారూ?

అయ్యగారు: రాజ్యం పోయింది. క్రీస్తుపూర్వం 539లో పారసీక రాజు కోరెషు సైన్యం పోరాటం లేకుండానే నగరంలోకి వచ్చిందని బబులోనువాళ్ల మట్టిపలకే చెబుతుంది. కోరుకున్న తీరులో న్యాయం రాలేదు, కానీ చెరలో ఉన్నవాళ్లకు ఇంటిదారి తెరుచుకుంది.

కాలర్: అయితే ఇప్పటి దేశాల్లో ఈ వచనం ఎవరికి...

అయ్యగారు: ఎవరి మీదా వేయొద్దు తమ్ముడూ! ఒక్క వచనం విడదీయొద్దని ఇందాకే చెప్పాను కదా.

యాంకర్: థాంక్యూ అండి. తర్వాతి కాలర్... హలో?