టీవీలో బఫరింగ్: రిపీటర్ కొనాలా, మెష్ కొనాలా, లాన్ కేబుల్ లాగాలా?

నమస్తే అండీ. "సినిమా బాగానే వస్తోంది, ఐపీఎల్ పెడితే మాత్రం చక్రం తిరుగుతూనే ఉంటుంది, ఎందుకు?" అని చాలామంది అడుగుతున్నారు. సినిమా మొత్తం సర్వర్‌లో ముందే ఉంటుంది కాబట్టి టీవీ కొంత ముందుగా లోడ్ చేసి పెట్టుకుంటుంది. మధ్యలో నెట్ కాసేపు తడబడినా మనకు తెలియదు. లైవ్ మ్యాచ్‌లో తర్వాతి బంతి ఇంకా వేయనే లేదు కదా, దాచుకోవడానికి ఏముంటుంది? అందుకే వైఫైలో ఏ కొంచెం లోపం ఉన్నా మ్యాచ్‌లోనే బయటపడుతుంది.

ఇలాంటప్పుడు మనవాళ్లు ముందు చేసే పని ప్లాన్ పెంచడం. దయచేసి ఆగండి. నెట్‌ఫ్లిక్స్ 4కేకి చెప్పే స్పీడ్ 15 ఎంబీపీఎస్, ఫుల్ హెచ్‌డీకి 5. మీది 100 ప్లాన్ అయితే బోలెడు. ఆ 100 టీవీ దాకా వస్తోందా లేదా, అదీ చూడాల్సింది.

టీవీలో యూట్యూబ్ తెరిచి ఏదైనా 4కే వీడియో పెట్టండి. సెట్టింగ్స్‌లో 'స్టాట్స్ ఫర్ నెర్డ్స్' అని ఉంటుంది, ఆన్ చేయండి. ఇదిగో, చిన్న అక్షరాలతో ఒక పెట్టె వచ్చింది. ఇందులో 'బఫర్ హెల్త్' లైను చూడండి. ఇంకా ఎన్ని సెకన్ల వీడియో చేతిలో ఉందో చెప్పేది ఇదే. ఈ అంకె తగ్గుతూ తగ్గుతూ సున్నాకి వచ్చి బొమ్మ ఆగిపోయిందా, లోపం నెట్‌లో. అంకె నిండుగానే ఉండి, 'డ్రాప్డ్ ఫ్రేమ్స్' (టీవీ చూపించలేక వదిలేసిన ఫ్రేములు) పెరుగుతూ బొమ్మ కుదుపులతో వస్తోందా, టీవీకే ఓపిక లేదు. అప్పుడు కొత్త రౌటర్ కొన్నా డబ్బు దండగ. టీవీ రీస్టార్ట్ చేయండి, వాడని యాప్‌లు తీసేయండి, అయినా కాకపోతే టీవీ వెనకాల గుచ్చి యాప్‌లు నడిపించుకునే ఓ స్ట్రీమింగ్ స్టిక్ పెట్టుకోండి.

నెట్ లోపమే అని తేలితే ఫోన్లో ఫాస్ట్ డాట్ కామ్ తెరిచి రౌటర్ పక్కన ఒకసారి, టీవీ పక్కన ఒకసారి స్పీడ్ చూడండి. అక్కడ ఫుల్లుగా ఉండి ఇక్కడ పడిపోతే మధ్యలో గోడలు తినేస్తున్నట్టే. కొన్ని అపార్ట్‌మెంట్లలో వైఫై ఇచ్చే ఫైబర్ బాక్సును గోడలోని రేకు పెట్టెలో పెట్టి తలుపు మూసేస్తారు. ఇది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. సిగ్నల్‌కి లోహం పెద్ద అడ్డం, ముందు దాన్ని బయటికి తీయించండి. రౌటర్, టీవీ ఒకే హాల్లో ఉంటే టీవీని వైఫైలోని 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి మార్చండి. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ గోడలు దాటుతుంది గానీ, పక్క ఫ్లాట్ల వైఫైలన్నీ అందులోనే తోసుకుంటుంటాయి.

ఇక రివ్యూకి వద్దాం. చవక రిపీటర్, అంటే రౌటర్ సిగ్నల్‌ని అందుకుని ముందుకు పంపే చిన్న పెట్టె, వద్దండి. ఒకే బ్యాండ్‌లో అందుకుని, అదే బ్యాండ్‌లో మళ్లీ పంపాలి కాబట్టి స్పీడ్ దాదాపు సగానికి పడిపోతుంది. పైగా అందరూ దాన్ని సిగ్నల్ చచ్చిపోయిన చోట, టీవీ వెనకాలే పెడతారు. మెష్, అంటే ఇంట్లో రెండు మూడు చోట్ల పెడితే ఒకే వైఫైలా కలిసి పనిచేసే పెట్టెలు, బాగుంటుంది, ముఖ్యంగా రెండు అంతస్తుల ఇళ్లకు. కానీ ఒక్క టీవీ కోసం అంత ఖర్చు అక్కర్లేదు.

నా ఓటు రౌటర్ నుంచి టీవీకి నేరుగా లాగే లాన్ కేబుల్‌కే. క్యాట్ 6 రకం, పూర్తి రాగి తీగ అని అడిగి తీసుకోండి. రాగి పూత పూసిన అల్యూమినియం అంటగడతారు, జాగ్రత్త. 100 మీటర్ల వరకు ఇబ్బంది లేదు. అద్దె ఇంట్లో గోడకు కన్నం పెట్టనివ్వకపోతే ఫ్లాట్ కేబుల్ తలుపు కింద నుంచి పోనివ్వొచ్చు. వేశాక టీవీలో స్పీడ్ 94 దగ్గరే ఆగితే కంగారు పడకండి. చాలా టీవీల లాన్ పోర్ట్ 100 ఎంబీపీఎస్‌దే, 300 ప్లాన్ ఉన్నా అంతే చూపిస్తుంది. 4కేకి అది ధారాళంగా సరిపోతుంది.

కేబుల్ వేశాక కూడా పగలంతా బాగుండి రాత్రి తొమ్మిదింటికి మాత్రం ఆగుతోందంటే, ల్యాప్‌టాప్‌ని నేరుగా రౌటర్‌కి కేబుల్‌తో కలిపి స్పీడ్ చూడండి. అక్కడా పడిపోయిందంటే లోపం మీ ఇంట్లో లేదు. టైమ్ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి, రెండు మూడు రోజులవి కలిపి మీ ఆపరేటర్‌కి పంపండి. "రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి" అని దాటవేయడం కుదరదు.