కోసేసిన పద్యాలు

అమ్మలకి, అయ్యలకి నమస్కారం. వెనక బెంచీల వాళ్ళకి వినబడుతోందా? సరే.

విజయనగరంలో నిలబడి వేశ్య గురించి మాట్లాడబోతే ముందు మధురవాణే అడ్డొస్తుంది. 1892లో కన్యాశుల్కం స్టేజి ఎక్కింది ఈ ఊళ్ళోనే కదా. గురజాడ వారు దాన్ని తిరగరాసి 1909లో అచ్చేశారు. ఆ మధురవాణి మనకి ఎంత ముద్దో చెప్పక్కర్లేదు. సరిగ్గా మరుసటి ఏడాది మద్రాసులో ఇంకో పుస్తకం అచ్చయింది. దాన్ని రాసిందీ వేశ్యే, పరిష్కరించిందీ ఆ కులంలో పుట్టినావిడే. దాన్ని మాత్రం పోలీసులు పట్టుకుపోయారు.

రాసినావిడ ముద్దుపళని. ఊరు తంజావూరు, రాజు మరాఠీ ప్రతాపసింహుడు, సభలో కవిత్వం తెలుగు. 1739 నుంచి 1763 దాకా ఏలిన ఆ రాజుకి ఈవిడ భోగపత్ని. పుస్తకం రాధికా సాంత్వనం, నాలుగు ఆశ్వాసాలు.

కథ చిన్నదే. రాధ తన చేత్తో పెంచిన ఇళని కృష్ణుడికిచ్చి పెళ్ళి చేస్తుంది. పెళ్ళికూతురికి బుద్ధులు తనే చెబుతుంది, పిల్ల చిన్నది, మెల్లగా అని కృష్ణుడికీ తనే చెబుతుంది. అంతా అయ్యాక గది బయట ఉండలేక గిలగిల్లాడిపోతుంది. ఇచ్చిందీ తనే, ఏడ్చిందీ తనే. రాజుగారి అంతఃపురం తెలిసిన మనిషికి తప్ప ఆ రెండూ ఒకే గుండెలో పెట్టడం చేతకాదని నా అభిప్రాయం.

కావ్యం మొదట్లో అవతారిక, అంటే కవి తన గురించి చెప్పుకునే ముందుమాట, ఉంది. కవులు తాతముత్తాతల పేర్లు చెప్పుకునే చోట ఈవిడ నాయనమ్మ తంజనాయకి పేరు చెప్పుకుంది. నాలాంటి ఆడవాళ్ళలో పండితులకి ధనమిచ్చి సత్కరించిందెవరు, కావ్యాలు అంకితం పుచ్చుకుందెవరు అని కూడా అడిగింది. పొగరా? పెద్దన గారు అడిగితే మనం పొగరనం.

19వ శతాబ్దం చివర్లో అచ్చయిన ప్రతిలో కొన్ని శృంగార పద్యాలు తీసేశారు. అది ఎలాగోలా అర్థం చేసుకోవచ్చు. అవతారిక కూడా ఎందుకు తీసేసినట్టు? నాయనమ్మ పేరులో బూతేముంది?

వీరేశలింగం గారు తన కవుల చరిత్రలో ఈవిణ్ణి గట్టిగానే తిట్టారు. బెంగుళూరు నాగరత్నమ్మ రాతప్రతి సంపాదించి, పూర్తి పాఠం కుదిర్చి, వావిళ్ళ వారి చేత 1910లో అచ్చేయించింది. ఈ సిగ్గూ బిడియం ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకి ఉండక్కర్లేదా అని పీఠికలోనే నిలదీసింది. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించిన నాగరత్నమ్మే ఈవిడ. 1911లో ప్రతులు జప్తు అయ్యాయి. నిషేధం తీయడానికి ప్రకాశం పంతులు గారు మద్రాసు ప్రధాని కావలసి వచ్చింది.

ఒక చిన్న ముచ్చట చెప్పి దిగిపోతాను. డిగ్రీ రోజుల్లో ఒక లైబ్రరీలో ఈ పుస్తకం అడిగాను. నిషేధం పోయి అప్పటికే ఎన్నేళ్ళో. ఆ పెద్దాయన నన్ను కిందికీ మీదికీ చూసి, బీరువా తాళం తీసి, పేపరు చుట్టి ఇచ్చాడు, "పంతులుగారి అబ్బాయివి, నీకెందుకురా ఇది" అంటూ. ఇంటికొచ్చి విప్పాను. ఏవేవో పద్యాల కింద పెన్సిలు గీతలున్నాయి, ఎవరో పుణ్యాత్ములు. తంజనాయకి ఉన్న పేజీ మాత్రం కొత్తది కొత్తగానే ఉంది.