సోమవారం పదిన్నర దాకా

శ్రోతలకు నమస్కారం.

"హలో అండీ, ఇప్పుడు రెండు నిమిషాలు మాట్లాడొచ్చా?" ఉద్యోగం వెతుక్కునేవాళ్ళు ఈ మాట ఫోన్లో వింటుంటారు. నేను మా పెరట్లో విన్నాను, పైవాటా కిటికీలోంచి. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు, రోజుకి అరవై డెబ్భై సార్లు.

మాది గుంటూరు బ్రాడీపేట. 2021లో పైవాటా ఒక అమ్మాయికి అద్దెకిచ్చాం. రేపల్లె దగ్గర పల్లెటూరు ఆ అమ్మాయిది. ఎంబీఏ చదివి, కంపెనీలకి ఉద్యోగుల్ని వెతికిపెట్టే ఒక కన్సల్టెన్సీలో రిక్రూటరుగా చేస్తోంది. కోవిడ్ పుణ్యమా అని ఆఫీసు ఇంట్లోకే వచ్చేసింది. వారం తిరక్కుండానే మా పనిమనిషి నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "పైనున్న అమ్మాయి లోన్లు ఇప్పిస్తదంట కదండీ, నాకో యాభై వేలు చెప్పండి" అంది. లోన్లు కాదమ్మా, ఉద్యోగాలు ఇప్పిస్తుంది అన్నాను. "అయితే మా వాడికి చెప్పండి" అంది.

ఉద్యోగాలు ఇప్పిస్తుంది అన్నాను చూశారా, అక్కడే నేను తప్పులో కాలేశాను. ఆ సంగతి తెలియడానికి నాకు ఏడాది పట్టింది.

నేను కామర్స్ లెక్చరర్‌గా పనిచేసి రిటైరయ్యాను. చివరి ఆరేడేళ్ళు కాలేజీలో ప్లేస్‌మెంట్ల పని కూడా నా నెత్తిన పెట్టారు. కంపెనీల నుంచి హెచ్చార్ వాళ్ళు వస్తే స్టేషనుకి కారు పంపడం, బొకే ఇవ్వడం, మధ్యాహ్నం గోంగూర తప్పనిసరిగా ఉండేట్టు చూడటం, సాయంత్రం ఎంతమందిని తీసుకున్నారో రాసుకోవడం, ఇదీ నా పని. వాళ్ళకీ ఒక ఇల్లుంటుందని, ఆ ఇంట్లో గొడవలుంటాయని ఏనాడూ అనుకోలేదు. ఒక్కసారి మాత్రం, ఇంటర్వ్యూల మధ్యలో ఒకావిడ కారిడార్లోకి వచ్చి, గోడవైపు తిరిగి, ఫోన్లో కూతురి చేత పదిహేడో ఎక్కం అప్పజెప్పించుకుంటోంది. "పదిహేడెనిమిదులు? మళ్ళీ చెప్పు. నూట ముప్ఫయ్యారు. ఆ, పడుకో ఇంక." ఆ పిల్లకి జ్వరమట. ఫోన్ పెట్టేసి లోపలికెళ్ళి మా కుర్రాణ్ణి, "నీ బలహీనతలేమిటో చెప్పు" అని అడిగింది. వాడు గడగడా వణికిపోయాడు. ఆవిడ కూడా వణుకుతూనే వచ్చిందని వాడికేం తెలుసు.

సరే, ఈ రిక్రూటరు అనేవాళ్ళ పని ఏమిటి? మా నాన్నగారు మిర్చి యార్డులో ఒక కమిషన్ దుకాణంలో గుమాస్తా. చిన్నప్పుడు సెలవులకి నేనూ వెళ్ళి కూర్చునేవాణ్ణి, తుమ్ముకుంటూ. రైతు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తెచ్చి దింపుతాడు. కొనేవాడొచ్చి టిక్కీలోంచి గుప్పెడు తీసి, కాయ విరిచి, రంగు చూసి, చెమ్మ చూసి, ధర చెప్తాడు. సరుకు రైతుది, డబ్బు వ్యాపారిది, నోరు మాత్రం దుకాణం వాడిది. కాటా పడితేనే కమిషన్. కాటా పడకపోతే పొద్దుటినుంచి అరిచిన అరుపులు గాలికి పోయినట్టే.

రిక్రూటరు పనీ అచ్చం అంతే. తీసుకోవాలా వద్దా అన్నది మేనేజరు చేతిలో ఉంటుంది. జీతమెంత అన్నది బడ్జెట్ చేతిలో ఉంటుంది. చేరాలా వద్దా అన్నది మీ చేతిలో ఉంటుంది. వాళ్ళ చేతిలో ఉండేది ఫోను. తేడా ఒక్కటే, టిక్కీ ఫోన్ స్విచాఫ్ చేసుకోదు.

వీళ్ళలో కంపెనీ లోపల నెలజీతానికి ఉండేవాళ్ళు కొందరు, బయట కన్సల్టెన్సీల్లో ఉండేవాళ్ళు కొందరు. అమెరికా టైముకి రాత్రంతా మేలుకుని అక్కడి ఉద్యోగాలకి మనుషుల్ని వెతికేవాళ్ళు ఇంకొందరు. వాళ్ళ నిద్ర సంగతి ఇంకో రోజు మాట్లాడుకుందాం. కన్సల్టెన్సీ లెక్కల్లో 8.33 శాతం అనే అంకె తరచూ వినిపిస్తుంది. ఇదేం అంకె అని నాకు మొదట విడ్డూరంగా అనిపించింది. నూరుని పన్నెండుతో భాగించండి, అదే వస్తుంది. అంటే ఒక నెల జీతం. ఏడాదికి 6 లక్షల ఉద్యోగమైతే కంపెనీ ఆ కన్సల్టెన్సీకి ఇచ్చేది సుమారు 50 వేలు. అదీ మనిషి చేరాకే. చేరినవాడు రెండు మూడు నెలలు నిలవకపోతే ఇంకొకర్ని ఉచితంగా వెతికిపెట్టాలని చాలాచోట్ల షరతు కూడా ఉంటుంది. మరి ఇందులో నీకొచ్చేదెంతమ్మా అని అడిగితే, "మీ అద్దెలో సగం కూడా రాదు మాస్టారూ" అంది. నా అద్దె ఎంతో ఇక్కడ చెప్పను. అన్నట్టు, ఈ డబ్బు ఇచ్చేది కంపెనీ. కాబట్టి ఉద్యోగం పేరుతో మిమ్మల్నే డబ్బు అడిగారంటే ఫోన్ పెట్టేయండి.

మా రోజుల్లో ఇవేవీ లేవు. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి కార్డు రెన్యువల్ చేయించుకోవడం, బుధవారం హిందూ పేపర్లో ఆపర్చునిటీస్ పేజీలు వెతుక్కోవడం, అంతే. తర్వాత ఉద్యోగాల వెబ్‌సైట్లు వచ్చాయి, 1997లో నౌకరీ డాట్ కామ్, 2003లో లింక్డిన్. ఆ చరిత్ర చెప్తూ కూర్చుంటే నాకిచ్చిన టైము చాలదు. ఒక్క మాట చెప్తాను. అప్పుడు మనం అప్లికేషన్ పోస్టు డబ్బాలో వేసి వాళ్ళ జవాబు కోసం ఎదురుచూసేవాళ్ళం. ఇప్పుడు వాళ్ళు ఫోన్ చేసి మన జవాబు కోసం ఎదురుచూస్తున్నారు.

మీరు ఊరుకోరని తెలుసు. "వాళ్ళు మాత్రం మాకు జవాబు చెప్తున్నారా?" అంటారు. నిజమే. మా మేనల్లుడు ఒక కంపెనీలో నాలుగు రౌండ్లు వెళ్ళాడు. తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఈ మాట ఆ అమ్మాయిని అడిగేశాను. "సెలెక్టయిన వాళ్ళకి చెప్పడానికి నోరు ఉరకలేస్తుంది మాస్టారూ. కానివాళ్ళకి చెప్పాలంటే నోరు రాదు. రోజుకి ముప్ఫై మందికి లేదండీ, లేదండీ అని చెప్తే రాత్రి అన్నం దిగదు" అంది. "అందుకని చెప్పడం మానేస్తారా?" అన్నాను. ఊరుకుంది. నేనూ ఊరుకున్నాను గానీ, అది తప్పే. ఇప్పటికీ తప్పే అంటాను.

దానికి శిక్ష కూడా పడింది లెండి, పెళ్ళిచూపుల రూపంలో. ఆ అమ్మాయి ఊరు దూరమని చూపులు మా ఇంట్లోనే పెట్టుకున్నారు. మా ఆవిడ పులిహోర, బజ్జీలు చేసింది. అబ్బాయి తండ్రి, "ఏం చేస్తుంటావమ్మా?" అని అడిగాడు. చెప్పింది. ఆయన కుర్చీలో ముందుకి జరిగాడు. "మా తమ్ముడి కొడుకు బీటెక్ అమ్మా. కాస్త గ్యాపుంది..." అని మొదలుపెట్టాడు. పావుగంట ఆ తమ్ముడి కొడుకు గురించే మాట్లాడాడు. తర్వాత అబ్బాయినీ అమ్మాయినీ డాబా మీదికి పంపారు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో ఆ రాత్రి మా ఆవిడకి చెప్పింది. అబ్బాయి బెంగళూరులో ఉద్యోగమనగానే అలవాటు కొద్దీ "నోటీస్ పీరియడ్ ఎంతండీ?" అని అడిగిందట, అంటే రాజీనామా ఇచ్చాక ఇంకెన్నాళ్ళు అక్కడే పనిచెయ్యాలి అని. అతనూ బుద్ధిగా "తొంభై రోజులండీ" అన్నాడట. వెళ్ళేటప్పుడు ఏ సంగతీ ఫోన్ చేసి చెప్తామన్నారు. చెయ్యలేదు. తమ్ముడి కొడుకు రెజ్యూమె మాత్రం ఆ రాత్రే వాట్సాప్‌లో వచ్చింది. "చూశారా ఆంటీ, నేను రిజెక్టయ్యాను, ఫీడ్‌బ్యాక్ కూడా ఇవ్వలేదు" అని నవ్వింది. నవ్విందే గానీ రెండు రోజులు కిందికి రాలేదు.

వీళ్ళ ఉద్యోగానికి ఇంకో తమాషా ఉంది. తమాషా అనకూడదేమో. కంపెనీలు మనుషుల్ని తీసుకోవడం ఆపితే ముందుగా అవసరం తీరిపోయేది రిక్రూటర్లతోనే. 2022 నవంబరులో ఫేస్‌బుక్ నడిపే మెటా కంపెనీ 11,000 మందిని తీసేస్తే, ఎక్కువ దెబ్బ తగిలిన విభాగాల్లో రిక్రూటింగ్ ఒకటి. మరుసటి ఏడాది సెప్టెంబరులో గూగుల్ కూడా తన రిక్రూటర్లలో కొన్ని వందల మందిని పంపేసింది. ఆ గాలి గూగుల్ కంటే ముందే బ్రాడీపేట దాకా కొట్టింది. 2023 ఎండాకాలంలో మా పైవాటా కిటికీలోంచి మాట వినిపించడం మానేసింది. రెండు నెలలు అద్దె ఆలస్యమైంది. అడుగుదామని నేను రెండుసార్లు మెట్ల దాకా వెళ్ళాను. మా ఆవిడ అడగనివ్వలేదు. వేలమందికి రెజ్యూమె ఎలా రాయాలో చెప్పిన పిల్ల తన రెజ్యూమె తెచ్చి నా ముందు పెట్టి, "ఇది నాకొస్తే నేనే పక్కన పడేస్తాను మాస్టారూ" అంది. మూడో నెలలో ఇంకో కన్సల్టెన్సీలో దొరికింది. కిటికీ మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టింది.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. దీనికోసమే ఇంత దూరం తీసుకొచ్చాను.

ఆ అమ్మాయి దగ్గర ఒక పొడుగు పుస్తకం ఉంది. కంప్యూటర్లో అన్నీ ఉన్నా ఇది ఉండాల్సిందే. పాలలెక్క రాసుకునే పుస్తకంలా ఉంటుంది. ఎడమపక్క పేరు, మధ్యలో చేరాల్సిన తేదీ, కుడిపక్క ఖాళీ. మనిషి చేరినట్టు కబురొస్తే ఆ ఖాళీలో ఎర్ర పెన్నుతో టిక్కు పెడుతుంది. చేరడాలు ఎక్కువగా సోమవారాలే. అందుకని సోమవారం పొద్దున ఆ అమ్మాయి కాఫీకి కిందికి రాదు. పదిన్నరకి కబురొచ్చాకే వస్తుంది.

బెంగళూరులో పనిచేసే ఒక కుర్రాణ్ణి హైదరాబాదు కంపెనీకి కుదిర్చింది. మన పల్నాడు పిల్లవాడే. నోటీసు తొంభై రోజులు. ఐటీలో ఈ మూడు నెలల నోటీసు మామూలే. రిక్రూటరుకి మాత్రం ఆ మూడు నెలలూ నీళ్ళు పోసి పైరుని కాపాడుకున్నట్టే. ప్రతి శుక్రవారం ఫోన్ చేసేది. ఆ ఫోన్లలో ఉద్యోగం మాట తక్కువ. వాళ్ళమ్మకి కంటి శుక్లం ఆపరేషన్ నరసరావుపేటలో అయింది, ఆ సంగతి మాట్లాడేవాళ్ళు. మియాపూర్లో ఇల్లు చూసుకోవాలా, కూకట్‌పల్లిలోనా అని మాట్లాడేవాళ్ళు. బెంగళూరు నుంచి హైదరాబాదు దాకా బండి మీదే వస్తానంటాడు, వద్దు తమ్ముడూ, రైల్లో వెయ్యి అనేది ఈ అమ్మాయి. అక్కా అని పిలిచేవాడు. ఆ కుర్రాడి ముఖం మేము చూడలేదు గానీ, మా ఇంట్లో అందరికీ తెలుసు. అమ్మగారి కన్ను ఎలా ఉందట అని మా ఆవిడ కూడా అడిగేది.

చేరాల్సింది సోమవారం. ఆదివారం సాయంత్రం ఫోన్ స్విచాఫ్.

ఛార్జింగ్ అయిపోయి ఉంటుంది అనుకుంది. రాత్రి పదింటికి స్విచాఫ్. సోమవారం తొమ్మిదికి స్విచాఫ్. పదికి కంపెనీ వాళ్ళు, "మీ క్యాండిడేట్ ఏడీ?" అన్నారు. పదిన్నర అయింది. పదకొండయింది. మా ఆవిడ కాఫీ పైకి పంపింది. మధ్యాహ్నం గ్లాసు కోసం వెళ్తే కాఫీ మీద మీగడ కట్టి ఉంది, అలాగే ఉంది.

మంగళవారం సాయంత్రం కిందికొచ్చి, "మాస్టారూ, ఒకసారి మీ ఫోనిస్తారా?" అంది. తిడుతుందేమో అనుకున్నాను. తిట్టినా తప్పులేదు అనుకుని ఇచ్చాను. స్పీకర్ పెట్టింది. రింగయింది. ఎత్తాడు.

"హలో."

"తమ్ముడూ, నేనూ..."

ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత, అదే గొంతు, తొంభై రోజులు అక్కా అన్న గొంతు, "రాంగ్ నంబరండీ" అని పెట్టేసింది.

మా ఆవిడా నేనూ ఆ అమ్మాయి ముఖంలోకి చూడలేకపోయాం. ఆ పిల్ల ఫోను నా చేతికిచ్చి, "పోనీలెండి, బాగానే ఉన్నాడు. బండి మీద వస్తూ ఏమైనా అయిందేమోనని రెండు రాత్రులు నిద్రపట్టలేదు" అంది.

తర్వాత తెలిసింది, పాత కంపెనీ వాళ్ళే జీతం పెంచి ఆపుకున్నారు. నేను ఆ కుర్రాణ్ణి తప్పుపట్టను. జీతం పెంచుతామంటే ఎవరైనా ఆగుతారు. నేనైనా ఆగుతాను. ఆగితే ఆగాడు. చెప్పాలి కదా.

కుర్రకారు ఎవరైనా వింటుంటే ఈ ఒక్క ముక్క వినండి. చేరకూడదనుకుంటే చేరకండి. కానీ చెప్పండి. "చేరడం లేదండీ, వేరేచోట కుదిరింది." నాలుగు మాటలు. ఫోన్ చెయ్యడానికి మొహం చెల్లకపోతే మెసేజి పెట్టండి. కారణం అక్కర్లేదు, క్షమాపణ అక్కర్లేదు. అయితే ఆదివారం రాత్రి కాదు, గురువారానికి చెప్పండి. శుక్రవారం ఒక పనిరోజు మిగులుతుంది. ఆ ఒక్క రోజులో రిక్రూటరు లిస్టులో రెండో పేరుకి ఫోన్ చేసి ప్రయత్నించొచ్చు. ప్రతి ఉద్యోగానికీ ఒక రెండో మనిషి ఉంటారు. మా కథలో ఆ రెండో మనిషి పొన్నూరు అమ్మాయి. ఈ కుర్రాడు రాలేదని తేలి, ఫోన్ చేసేసరికి, ఆ ముందు శనివారమే ఇంకెక్కడో తక్కువ జీతానికి ఒప్పేసుకుంది.

ఈ ప్రసంగం మీరు ఆదివారం సాయంత్రం వింటున్నారు. రేపు మా పైవాటా పుస్తకంలో ఇద్దరు చేరాలి. ఒకతను విశాఖలో, ఒకావిడ హైదరాబాదులో. మా ఆవిడ ఇప్పుడు సోమవారాలు డికాషను ఆలస్యంగా వేస్తోంది, పదిన్నరకి దిగేట్టు.