ఆక్టోపస్ ఆకాశం నుంచి ఊడిపడిందా? ఆ పేపర్‌కి మన రివ్యూ

నమస్కారం అండి, వైజాగ్ నుంచి. ఈరోజు రివ్యూ ఫోన్‌కి కాదు, సినిమాకి కాదు, ఒక సైన్స్ పేపర్‌కి. "ఆక్టోపస్ గ్రహాంతరవాసి అని సైంటిస్టులు తేల్చేశారు" అనే ఫార్వర్డ్ మీ వాట్సాప్‌లోకి కూడా వచ్చే ఉంటుంది. దాని పుట్టిల్లు 2018లో "ప్రోగ్రెస్ ఇన్ బయోఫిజిక్స్ అండ్ మాలిక్యులర్ బయాలజీ" అనే జర్నల్‌లో వచ్చిన పేపర్. రాసినవాళ్లు 33 మంది, మొదటి పేరు ఎడ్వర్డ్ స్టీల్. మంచులో గడ్డకట్టిన స్క్విడ్ (ఆక్టోపస్‌కి దగ్గర చుట్టం) గుడ్లో, ఆక్టోపస్ గుడ్లో తోకచుక్కల్లాంటి వాటితో కొన్ని పదుల కోట్ల ఏళ్ల కిందట భూమ్మీద పడి ఉండొచ్చు అని అందులో ఉంది. "ఉండొచ్చు" అన్నారు. మనవాళ్లు దాన్ని "తేల్చేశారు" చేశారు.

రేటింగ్ ముందే చెప్పేస్తున్నా. ఊహకి 5కి 4. ఆధారానికి 5కి అర, అది కూడా టైపింగ్ కూలీ.

ఆ రచయితల్లో ఖగోళ శాస్త్రవేత్త చంద్ర విక్రమసింఘే కూడా ఉన్నారు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. 2001లో కేరళలో ఎర్రవాన పడినప్పుడు అది అంతరిక్షం నుంచి వచ్చిన జీవకణాలు కావచ్చన్న వాదనని సమర్థించినవాళ్లలో ఆయన ఒకరు. ప్రభుత్వం చేయించిన పరిశీలనలో అవి ట్రెంటెపోలియా అనే స్థానిక నాచు బీజాలని తేలింది.

మరి 'ఏలియన్' అన్న మాట ఎక్కడిది? 2015లో కాలిఫోర్నియా ఆక్టోపస్ జీనోమ్ (దాని డీఎన్‌ఏలోని మొత్తం రాత) చదివారు. సుమారు 270 కోట్ల అక్షరాలు, 33,000 జన్యువులు. ఆ టీమ్‌లోని క్లిఫ్టన్ రాగ్స్‌డేల్, ఆక్టోపస్‌ని ఏలియన్ అన్న పాత జంతుశాస్త్రవేత్త మాటని గుర్తుచేస్తూ, ఆ లెక్కన మాది తొలి ఏలియన్ జీనోమ్ అని సరదాగా అన్నారు. సరదా మాట హెడ్‌లైన్ అయి కూర్చుంది.

ఆ జీనోమ్‌లో అసలు ఏముందో చూడండి. మనకున్న డీఎన్‌ఏ అక్షరాలే, మూడేసి అక్షరాలకి ఒక అమైనో ఆమ్లం అనే అదే లెక్క. నరాల అల్లికలో పనిచేసే ప్రోటోకాడెరిన్ జన్యువులు 168 దొరికాయి. క్షీరదాలకున్న వాటికి రెట్టింపు పైనే. అంటే చాలావరకు ఉన్న సామానే ఎక్కువ పెట్టుకుంది. పైగా దాని దూరపు చుట్టం నాటిలస్ ఇప్పటికీ గుల్లతో సముద్రంలో తిరుగుతోంది. ఆ వంశం శిలాజాలు సుమారు 50 కోట్ల ఏళ్ల నాటివి దొరికాయి. నత్తలు, ఆల్చిప్పలు కూడా ఆ ఇంటివాళ్లే. ఇంతమంది చుట్టాలున్నవాణ్ణి దిక్కులేకుండా ఊడిపడ్డాడంటే ఎలా?

ఇక గుడ్ల సంగతి. తల్లి ఆక్టోపస్ గుడ్లని బండ కిందో గూటిలోనో వేలాడదీసి, సైఫన్‌తో (ఒంటికుండే నీళ్లు చిమ్మే గొట్టం) నీళ్లు కొడుతూ, చేతులతో తుడుస్తూ కాపలా కాస్తుంది. తిండి మానేస్తుంది. ఆమె లేకపోతే గుడ్లకి బూజు పడుతుంది, ఆక్సిజన్ అందదు. ఇప్పుడు అవే గుడ్లు ఉల్కలో గడ్డకట్టి, కణాల్లోని నీరు పెద్ద పెద్ద మంచు స్ఫటికాలై పొరల్ని చీల్చకుండా ఉండి, గాలిలో రాపిడి వేడి తట్టుకుని, సరిగ్గా సరిపడే ఉప్పునీళ్లలో పడి, తల్లి లేకుండా పొదగాలి. పొదిగిన పిల్లకి దాని సైజుకి తగ్గ, నీళ్లలో తేలే చిన్న చిన్న జీవులు తిండికి వెంటనే దొరకాలి. చెప్తుంటేనే ఆయాసం వస్తోంది.

ఆ పేపర్ మీద నాకున్న పెద్ద కోపం ఏంటంటే, నిజంగా వింతైన విషయాన్ని పట్టుకుని కూడా వదిలేసింది. ఆర్‌ఎన్‌ఏ ఎడిటింగ్. కాస్త నెమ్మదిగా వెళ్దాం.

డీఎన్‌ఏ అంటే ఒరిజినల్ దస్తావేజు అనుకోండి. ప్రోటీన్ కట్టడానికి దాని నకలు ఒకటి తీస్తారు, అదే ఆర్‌ఎన్‌ఏ. ఆక్టోపస్‌లో, దాని చుట్టాలు స్క్విడ్, కటిల్‌ఫిష్‌లలో అడార్ అనే ఎంజైమ్ ఆ నకలు మీద పెన్ను పెట్టి అక్కడక్కడా 'ఏ' అక్షరాన్ని 'ఐ'గా దిద్దుతుంది. కణం దాన్ని 'జీ' అని చదువుకుంటుంది. ప్రోటీన్ మారిపోతుంది, ఒరిజినల్ మాత్రం అలాగే ఉంటుంది. మనలోనూ ఈ దిద్దుబాటు ఉంది గానీ, ప్రోటీన్‌ని మార్చేవి చాలా తక్కువ. వీటిలో పదుల వేలు, అందులోనూ నరాల్లో ఎక్కువ. 2017లో 'సెల్' జర్నల్‌లో వచ్చిన పేపర్ దీనికి కట్టే మూల్యం కూడా చెప్పింది. దిద్దే చోటు గుర్తుపట్టాలంటే చుట్టుపక్కల అక్షరాలు కదలకూడదు. కాబట్టి అక్కడ డీఎన్‌ఏ పరిణామం నెమ్మదిస్తుంది. 2023లో ఇంకొకటి తెలిసింది. నీళ్లు 22 డిగ్రీల నుంచి 13కి చల్లబరిస్తే వేల చోట్ల దిద్దుబాటు పెరిగింది. చలికి స్వెటర్ వేసుకున్నట్టు నరాల ప్రోటీన్లని సర్దుకుంటోందన్నమాట. నాటిలస్‌లో ఈ స్థాయి ఎడిటింగ్ లేదు. అంటే ఇది ఈ వంశంలోనే, ఈ సముద్రాల్లోనే తర్వాత వచ్చింది.

రెండో ఫార్వర్డ్, "తొమ్మిది మెదళ్లు". తప్పు. మెదడు ఒకటే. సుమారు 50 కోట్ల న్యూరాన్లలో (నరాల కణాల్లో) మూడింట రెండొంతులు చేతుల్లో ఉంటాయి, అంతవరకు నిజం. 2001 ప్రయోగంలో మెదడుతో సంబంధం తెంపేసిన చేతికి చిన్న కరెంట్ ఇస్తే, మామూలుగా చాచినట్టే చాచింది. ఎలా చాచాలో చేతికి తెలుసు. ఎటు చాచాలో మెదడు చెబుతుంది. ఇంకోటి, న్యూరాన్ల లెక్కలో "కుక్కతో సమానం" అంటారు. ఆ పోలిక కుక్క మెదడు పైపొరతో మాత్రమే, మొత్తం మెదడుతో కాదు.

ఇది మీరే చూడొచ్చు. పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి 300 నుంచి 500 గ్రాములది ఒకటి కొనండి. ఎనిమిది చేతులే ఉండాలి. ఇంకో రెండు పొడవుగా ఉంటే అది స్క్విడ్ లేదా కటిల్‌ఫిష్. చర్మం నొక్కితే మచ్చలు ఇంకా కదులుతుంటే తాజా సరుకు. తలలా కనిపించే సంచి తల కాదు, పొట్ట. దాన్ని ఒక పక్క కోసి తెరవండి. రెండు మొప్పల అడుగున చెరో చిన్న గుండె, మధ్యలో పెద్దది, మొత్తం మూడు. నల్ల సిరా సంచికి కత్తి తగలనివ్వకండి, తగిలితే ఇంకేం కనబడదు. తర్వాత నోట్లో ఉండే చిలకముక్కు లాంటి దాని పక్క నుంచి సన్నటి ఈనెపుల్ల అన్నవాహికలోకి జాగ్రత్తగా పోనివ్వండి. కళ్ల మధ్య గట్టి మృదులాస్థిని వెనక నుంచి కోసి చూస్తే, పుల్ల మెదడు మధ్యలోంచి వెళ్లి ఉంటుంది. అవునండి, గారె చిల్లులోంచి వెళ్లినట్టు, తిన్న ప్రతి ముద్దా మెదడులోంచే దిగాలి. రాత్రంతా ఐస్‌లో ఉన్నదైతే మెదడు పేస్టులా వస్తుంది, గారె కనబడదు. నీలిరక్తం కోసం ఎదురుచూడకండి, ఆక్సిజన్ లేకపోతే ఆ రంగు ఉండదు. బతికున్నది రాళ్లలో కనబడితే మాత్రం చేత్తో పట్టుకోవద్దు, కరుస్తుంది, విషం ఉంటుంది.

తెలివి ప్రయోగాల్లో కూడా చూసి నమ్మాలి. 1959లో ఇటలీలోని నేపుల్స్‌లో డ్యూస్ అనే ఆయన మూడు ఆక్టోపస్‌లకి మీట లాగితే చేప ముక్క అని నేర్పారు. రెండు నేర్చుకున్నాయి. చార్లెస్ అనే మూడోది దీపాన్ని నీళ్లలోకి లాగింది, మనుషుల మీద నీళ్లు చిమ్మింది, చివరికి మీట విరగ్గొట్టింది. దాన్ని ఫెయిల్ అనాలా? 1992లో అక్కడే, ఒకటి ఎర్ర బంతి ఎంచుకుంటుంటే చూసిన ఇంకొకటి కూడా అదే ఎంచుకుందన్నారు. ఒంటరిగా బతికే జంతువు చూసి నేర్చుకోవడం ఏంటని విమర్శలొచ్చాయి. ఇలాంటి పరీక్షల్లో ముందుదాని వాసన నీళ్లలో మిగిలితే చాలు, ఫలితం పాడవుతుంది. వీటి చేతుల మీద అంటుకునే గిన్నెలు (సక్కర్లు) రుచి కూడా చూస్తాయి మరి.

ఇక ఫుట్‌బాల్ మ్యాచ్‌ల జోస్యం చెప్పిన జర్మనీ ఆక్టోపస్ పాల్. 2010 ప్రపంచ కప్‌లో 8కి 8. నాణెం ఎగరేసినా 256లో ఒకసారి అలా పడుతుంది. 2008 యూరో కప్‌లో అదే పాల్ 6కి 4 మాత్రమే. మన చిలక జోస్యం చిలక కూడా తప్పిన కార్డులు ఎవరికీ చూపించదు.

చివరిది, మనుషులు పోయాక ఆక్టోపస్‌లు నాగరికత కడతాయట. 2024లో ఆక్స్‌ఫర్డ్ జంతుశాస్త్రవేత్త టిమ్ కౌల్సన్ ఈ ఊహ చేశారు. కొబ్బరి చిప్పలు మోసుకెళ్లి ఇల్లు చేసుకోవడం 2009లో రికార్డయింది, కాబట్టి సామాను వాడటం వచ్చు. చిక్కు ఆయుష్షు దగ్గర. చాలా జాతులు ఏడాది రెండేళ్లే బతుకుతాయి. పిల్లలు పొదిగేసరికి తల్లి చచ్చిపోతుంది, నేర్పేవాళ్లే ఉండరు. సరే, తల్లిని బతికిస్తే? 1977లో వొడిన్‌స్కీ అనే శాస్త్రవేత్త కళ్ల దగ్గరుండే ఆప్టిక్ గ్రంథులు తీసేసి చూశారు. తల్లి మళ్లీ తిండి మొదలెట్టింది, ఎక్కువ కాలం బతికింది. గుడ్లని మాత్రం వదిలేసి వెళ్లిపోయింది.