బడి మూసినప్పుడు మన కబురు ఎవరి ఫోన్‌కి వెళ్తోంది?

(తెర మీద: హాజరు పట్టీలో ఒక పేజీ. పిల్లల పేర్లు, వాటి పక్కన ఒకే గడి: "ఫోన్ నంబర్")

నమస్తే అండీ. ఈ వీడియో మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల హెడ్మాస్టర్లకి, టీచర్లకి. తల్లిదండ్రులు చూసినా మంచిదే, బడిని ఏం అడగొచ్చో తెలుస్తుంది.

బడి ఉన్నట్టుండి మూతపడటం మనకి కొత్త కాదు. 2021 నవంబరులో పెన్నకి వరదొచ్చి కోవూరు దగ్గర హైవేనే తెగింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. 2020 సంగతి చెప్పనే అక్కర్లేదు. రాష్ట్రంలో తొలి కరోనా కేసు నెల్లూరులోనే బయటపడింది. మార్చిలో మూసిన బడులు తొమ్మిది, పది తరగతులకి తిరిగి తెరుచుకునేసరికి నవంబరు 2 అయింది. మధ్యలో దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చాయి. మంచి ప్రయత్నమే. కానీ ఆ పాఠం ఎవరు చూశారు, ఎవరింట్లో టీవీ లేదు, ఏ పిల్లాడు పనికి పోతున్నాడు? ఇవి టీవీ చెప్పదు. ఇంటివాళ్లతో మాట్లాడితేనే తెలుస్తాయి. మాట్లాడాలంటే ఈ గడిలో ఉన్న నంబర్ పనిచేయాలి.

(తెర మీద: అదే గడిని దగ్గరగా చూపాలి. ఒక నంబర్ కొట్టేసి, పైన ఇంకో నంబర్, పక్కన పెన్సిల్‌తో "మామ" అని రాసి ఉంటుంది)

చూశారా? చాలా బడుల్లో ఇదే పరిస్థితి. చేర్చుకునే రోజు రాసుకున్న నంబర్ తర్వాత మారిపోతుంది. రీచార్జ్ చేయకపోతే కొన్నాళ్లకు ఇన్‌కమింగ్ కూడా ఆగిపోతుంది. అందుకే ఆ గడి పక్కన ఇంకో మూడు గడులు గీయండి. ఫోన్ ఎవరిది? ఇంట్లో ఎప్పుడు ఉంటుంది? మామూలు ఫోనా, టచ్ ఫోనా?

రెండో ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ అసలు కిటుకంతా అక్కడే ఉంది. కొత్తపట్నం వైపు తీరంలో నాన్న తెల్లారకముందే వేటకి పోతాడు. ఫోన్ ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని పడవెక్కుతుంది. పొద్దున పది గంటలకి మీరు ఆన్‌లైన్ క్లాస్ లింక్ పంపితే అది నడి సముద్రంలో ఉన్న ఫోన్‌కి పోతుంది, అదీ సిగ్నల్ ఉంటే. టంగుటూరు, కొండపి వైపు పొగాకు కాల్చే రోజుల్లో అమ్మానాన్నలు రాత్రుళ్లు బ్యారన్ (పచ్చి ఆకుని వేడితో ఎండబెట్టే కొట్టం) దగ్గరే ఉంటారు. చీమకుర్తి క్వారీల దగ్గర వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన కుటుంబాలకి తెలుగు మెసేజ్ పంపితే చదివేవాళ్లెవరు? అక్కడ హిందీ వచ్చిన టీచర్ ఒక నిమిషం ఫోన్‌లో మాట్లాడటమే మేలు.

మొదటి ప్రశ్నా తేలిగ్గా తీసుకోకండి. ఫోన్ పిల్లాడి అన్నయ్యదైతే, కబురు చేరిందా లేదా అనేది ఆ అన్నయ్య మూడ్‌ని బట్టి ఉంటుంది.

ఇప్పుడు మెసేజ్ సంగతి.

(తెర మీద, ఎడమ వైపు:)
"తల్లిదండ్రులకు తెలియజేయునది ఏమనగా, తుఫాను కారణంగా రేపటి నుండి బోధన గృహ ఆధారిత విధానంలో నిర్వహించబడును. విద్యార్థులు తప్పనిసరిగా పాల్గొనవలెను. ఇట్లు, ప్రధానోపాధ్యాయులు."

ఇది సర్క్యులర్. పై ఆఫీసుకి పంపడానికి బాగుంటుంది. ఇంట్లో అమ్మ ఏం చేయాలో ఇందులో ఒక్క ముక్క లేదు.

(కుడి వైపు, మైక్ గుర్తు. టీచర్ గొంతు:)
"నమస్తే అమ్మా, ఆరో తరగతి లెక్కల టీచర్‌ని మాట్లాడుతున్నా. రేపు బడి లేదు. లెక్కల పుస్తకంలో 42వ పేజీ, మొదటి మూడు లెక్కలు చేస్తే చాలు. దానికి ఫోన్ అక్కర్లేదు. అయ్యాక ఫోటో పంపండి. కుదరకపోతే బడి తెరిచాక నేనే చూస్తా. పాప భయపడకుండా ఉంది కదా?"

చదువు రాని అమ్మ కూడా ఇది వింటుంది. ఒక్క పని, ఒక్క పేజీ, చివర ఒక్క ప్రశ్న. ఆ ప్రశ్న ఊరికే మర్యాదకి పెట్టింది కాదు. దానికి జవాబుగా వచ్చే వాయిస్ మెసేజ్‌లోనే మనకి కావాల్సిందంతా ఉంటుంది: ఇంట్లోకి నీళ్లొచ్చాయని, పుస్తకాలు తడిసిపోయాయని, అమ్మమ్మగారి ఊరికి వచ్చేశామని.

వాట్సాప్‌లో ఒక చిక్కుంది. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో (ఒకే మెసేజ్ చాలామందికి విడివిడిగా పంపే పద్ధతి) పంపిన మెసేజ్, మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. సేవ్ చేసుకోని వాళ్లకి మీరు పంపినట్టు కూడా తెలీదు. గ్రూపు పెడితే అందరికీ చేరుతుంది గానీ, అందులో ప్రతి తల్లి నంబరూ అందరికీ కనిపిస్తుంది. కొందరు ఆడవాళ్లకి అది ఇష్టం ఉండదు, అడగకుండా చేర్చొద్దు. గ్రూపులో అడ్మిన్లు మాత్రమే పోస్ట్ చేసేలా పెట్టండి. లేదంటే గుడ్ మార్నింగ్ గులాబీల కింద మన హోంవర్క్ పూడుకుపోతుంది. కానీ అలా తాళం వేశాక, ఇంటివాళ్లు తిరిగి మాట్లాడటానికి క్లాస్ టీచర్ నంబర్, ఏ టైంలో చేయొచ్చో కూడా ఇవ్వాలి. సాయంత్రం ఒక గంట అనుకుంటే సరిపోతుంది. టీచర్లకీ ఇల్లుంది కదండీ.

మామూలు ఫోన్ ఉన్నవాళ్లకి కాల్ చేయాల్సిందే. ముందు వాళ్లకే చేయండి, మిగతావాళ్లకి ఎలాగూ మెసేజ్ వెళ్తుంది. కాల్‌లో మొదటి మాట ఫిర్యాదు కాకూడదు. "మీవాడు ఏమీ పంపట్లేదు" అని మొదలుపెడితే, రెండోసారి ఆ ఫోన్ ఎత్తరు.

(తెర మీద: రచ్చబండ, రేషన్ షాపు గోడ, సచివాలయం నోటీసు బోర్డు)

తుఫానుకి కరెంటు పోయి టవర్ కూడా పడుకుంటే? అది ముందే మాట్లాడుకోవాలి. విద్యాహక్కు చట్టం ప్రకారం మన విద్యా కమిటీలో కనీసం నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉంటారు. ఒక్కో వీధిని ఒకరికి అప్పగించండి. ఫోన్ లేని ఇంటికి కబురు ఎవరు చేరుస్తారో పట్టీలో ఆ పేరు కూడా రాసుకోండి. నంబర్లు సరిచూసుకోవడానికి మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ రోజు బాగా పనికొస్తుంది, అందరూ వస్తారు. ఫోటోలు తర్వాత దిగొచ్చు.

ఇంకొకటి. తీరం ఊళ్లలో తుఫానప్పుడు బడే పునరావాస కేంద్రం అవుతుంది. సగం కుటుంబాలు మన తరగతి గదుల్లోనే పడుకుని ఉంటాయి. అందుకని తెరిచే రోజు మెసేజ్‌లో "రేపు బడి ఉంది" అంటే సరిపోదు. గదులు ఖాళీ అయ్యాయా, మధ్యాహ్న భోజనం ఉందా, తడిసిన పుస్తకాలు తేవాలా వద్దా, ఈ మూడూ చెప్పండి. ముందు రోజు సాయంత్రమే చెప్పండి.