లాంగ్ ట్రిప్‌లో ఎక్కడ ఆగాలి? గూగుల్ మ్యాప్స్‌లో స్టాప్‌ల ప్లానింగ్

నమస్తే అండి. ఫ్యామిలీతో కార్లో దూరం వెళ్తున్నాం, దారిలో ఎక్కడెక్కడ ఆగాలో ఇవాళ చూద్దాం. మ్యాప్స్ ఓపెన్ చేశాను. ఎక్కడి నుంచి, ఎక్కడికి, డైరెక్షన్స్... కొట్టేశాం. ఇదిగో, 7 గంటలు అంటోంది.

ఈ మూడు చుక్కలు నొక్కితే యాడ్ స్టాప్. పేరు కొట్టండి, అయిపోయింది. 9 దాకా పెట్టుకోవచ్చు. వీలుంది కదా అని అన్నీ పెట్టేయకండి! ఈ దారికి 3 చాలు. డ్రైవర్ కోసం, పిల్లల కోసం 2 గంటలకోసారి ఎలాగూ ఆగాలి. ఆ ఆగేదేదో చూడదగ్గ చోట ఆగుదాం. వరస మార్చాలంటే ఇలా పట్టుకుని లాగడమే.

ఇదిగో, ఇక్కడ జాగ్రత్త. అందరికీ లెక్క తప్పేది ఇక్కడే. ఈ 7 గంటలు ఒట్టి డ్రైవింగ్ టైమ్. మనం దిగి గడిపే టైమ్ ఇందులో లేదు, అసలు కలపదు. పేపర్ తీసుకోండి. యాప్‌లు బోలెడున్నాయి గానీ, దీనికి నాకు పేపరే ఇష్టం. 6కి బయల్దేరాం. 8కి మొదటి స్టాప్, బాత్రూమ్ బ్రేక్, 20 నిమిషాలు. పది నిమిషాల్లో అవ్వదు, పిల్లలు చెప్పులు వెతుక్కునేసరికే 5 పోతాయి. రెండోది మ్యూజియం, గంటంపావు. మూడో స్టాప్‌కి మ్యాప్స్ ప్రకారం 12కి చేరాలి కదా? 20, 75... 95 నిమిషాలు కలపండి. ఒకటీ ముప్పై అయిదు! ఒంటిగంటకి మూసేసే చోటైతే గేటు చూసి రావడమే. అలాంటిదాన్ని వరసలో ముందుకి లాగండి, కుదరకపోతే తీసేయండి.

అందుకే ప్రతి చోటూ నొక్కి టైమింగ్స్, సెలవు రోజు చూడండి. కాస్త కిందకెళ్తే రద్దీ గ్రాఫ్ కూడా ఉంటుంది.

ఇంకోటి, జూమ్ చేసి చూడండి, పిన్ రోడ్డుకి ఏ పక్కనుంది? డివైడర్ అవతలైతే యూటర్న్ కోసం ఎంత దూరం పోవాలో ఏమో.

పెట్రోల్ బంకులు ముందే పెట్టక్కర్లేదు. నావిగేషన్ నడుస్తుండగా ఈ భూతద్దం నొక్కితే దారిలో ఉన్నవే వస్తాయి, ఒక్కోదానికి ఎన్ని నిమిషాలు ఎక్కువవుతాయో కూడా చూపిస్తుంది. డ్రైవ్ చేసేవాళ్లు కాదండోయ్, పక్క సీట్లో వాళ్లు నొక్కాలి!

చివరగా, దారిలో నెట్ రాకపోయినా మ్యాప్ కనిపించాలి కదా. ప్రొఫైల్ ఫోటో నొక్కి, ఆఫ్‌లైన్ మ్యాప్స్, దారంతా ఈ పెట్టెలో పట్టేలా జరిపి డౌన్‌లోడ్. వైఫైలో ఉండగానే కానిచ్చేయండి.